వేరు పొయ్యి

వేరుశెనగ పొట్టుతో వంటకట్టెలు చేస్తున్నామంటే మొదట్లో నవ్వనివాళ్ళు లేరు. నవ్వితే నవ్వారు, ఫరవాలేదు. ఆ తర్వాత ప్రతివాళ్ళూ అడిగే ప్రశ్న ఒకటుంది చూడండి, నాకు ఒళ్ళు మండేది దానికే. బంక ఏం కలుపుతారు? ఏమీ కలపమని చెబితే నమ్మరు. పేడా, గంజా, బెల్లప్పాకమా అని గుచ్చి గుచ్చి అడుగుతారు. నేను అసలే ముక్కుమీద కోపం మనిషిని. ఓపిక ఉన్నంతసేపు చెప్పి, అది అయిపోయాక, మా మిల్లుకొచ్చి పొద్దస్తమానం నిలబడి చూసుకోండి పొండి అనేదాన్ని. ఒకరిద్దరు నిజంగానే వచ్చి నిలబడ్డారు.

మా మిల్లు పూతలపట్టు కూడలి దాటాక చిత్తూరు రోడ్డు మీద ఉంది. మా నాయన దొరస్వామి పెట్టింది. రైతులు తెచ్చిన శెనక్కాయలు కొట్టి పప్పు వేరు చేసి ఇస్తాం. పప్పు పోయాక మిగిలేది పొట్టు. బెల్లం వండేవాళ్ళు కొంత తోలుకుపోయేవాళ్ళు, మిగతాది పెరట్లో గుట్టలు పడి ఉండేది. గాలి లేస్తే రోడ్డంతా అదే. ఎండాకాలంలో ఏ బీడీ ముక్కో పడి అంటుకుందంటే రోజుల తరబడి పొగ, దాంతో చుట్టుపక్కలవాళ్ళ తిట్లు. పలమనేరు దగ్గర ఒకాయన పొట్టుకట్టెల మిషను పెట్టి, నడపలేక, పాత ఇనుము కింద అమ్మేస్తున్నాడని తెలిసి నాయన దాన్ని తెచ్చి షెడ్డులో పెట్టించాడు. తెచ్చాడే గానీ దాని మొహం చూసే తీరిక ఆయనకు లేకపోయింది. తుప్పు పడుతున్న ఆ మిషన్ని నేను పట్టుకున్నాను.

ఎందుకు పట్టుకున్నానో కూడా చెప్పాలి. నేను పెళ్ళయిన కొన్నేళ్ళకే పుట్టింటికి వచ్చేసినదాన్ని. మా ఆయన కొట్టేవాడూ కాదు, తాగేవాడూ కాదు. వాళ్ళమ్మ మాత్రం ఒక్క రోజు కూడా నన్ను పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. నాకు ఉప్పు డబ్బా ఎక్కడుందో తెలియకుండానే ఆ ఇంట్లో కాపురం గడిచింది. ఆకలేసినప్పుడు కాదు, వాళ్ళు పెట్టినప్పుడు తినాలి. అది నావల్ల కాలేదు, వచ్చేశాను. పిలవడానికి వాళ్ళూ రాలేదు, దిగబెట్టడానికి మావాళ్ళూ పోలేదు. ఇక్కడ మా వదిన జాహ్నవి మంచిది, ఆ మాట చెప్పకపోతే కళ్ళు పోతాయి. కానీ పొయ్యి ఆమెది. నాకు కాఫీ తాగాలనిపిస్తే ఆమె స్నానం చేసి వంటింట్లోకి వచ్చేదాకా కూర్చోవాలి. నేనే పెట్టుకుంటానంటే, నీకెందుకు శ్రమ అంటుంది. ఆ మర్యాదకు ఏమని బదులు చెబుతాం?

షెడ్డు పక్కన ఒక గది ఉంది. పాత గోతాలు వేసే గది. అందులో ఒక పొయ్యి పెట్టుకుని, నా తిండి నేను వండుకుని, పొట్టుకట్టెల మీద బతకాలని నా కోరిక. అంతకుమించి నేనేమీ అడగలేదు. ఆ మాట ఇంట్లో చెప్పగానే మా అమ్మ యశోదమ్మ నెత్తి కొట్టుకుంది. ఆడబిడ్డ పుట్టిన ఊళ్ళో ఉంటూ వేరు పొయ్యి పెట్టిందంటే, కొడుకూ కోడలూ తరిమేశారనుకోరా అని ఆమె బాధ. మా అన్న రఘునాథ్‌కు ఆ బాధ లేదు గానీ షెడ్డు కావాలి. మామిడికాయల వ్యాపారం మొదలుపెట్టాడు. కాయలు దించి గ్రేడు చేసుకోవడానికి, రోడ్డు పక్కన నీడ ఉన్న చోటు అదొక్కటే.

ఇద్దరి మాటా విని నాయన తీర్పు చెప్పాడు. ఆయన ఎప్పుడూ తక్కువ మాట్లాడే మనిషి.

"ఈ వైశాఖం ముహూర్తాలు అయ్యేలోపల ఒక్క పెండ్లి వంటన్నా నీ కట్టెతో జరగల్ల. వంటమేస్త్రి తన నోటితో బాగుండాది అనల్ల. అంటే షెడ్డు నీది, ఆ గది నీది, ఆడ ఏం పెట్టుకుంటావో నీ ఇష్టం. లేదంటే రఘుకి ఇచ్చేస్తా. మళ్ళా నన్ను అడగొద్దు."

పెళ్ళి వంటే ఎందుకంటే, మిగతా దారులన్నీ మూసుకుపోయాయి. బాయిలర్లు ఉన్న ఫ్యాక్టరీవాళ్ళు రోజూ లారీ లోడు తోలమంటారు. మాకేమో కరెంటు ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో దేవుడికే తెలియాలి. హోటళ్ళవాళ్ళు గ్యాసుకు మారిపోతున్నారు. కట్టెల మీద ఇంకా వండుతున్నది పెళ్ళిళ్ళకే. తిరుచానూరులో ముహూర్తం ఉందంటే ఏ కల్యాణ మండపం వెనక చూసినా గాడిపొయ్యిలే, వాటి పక్కన చింతకట్టెల దిబ్బలే. ఆ కట్టె కూడా దొరకడం కష్టమైపోతోందని వంటవాళ్ళే చెప్పుకునేవాళ్ళు. ఇంకేం, ఎగబడి కొంటారనుకున్నాను.

మిషన్ దగ్గర నాకు తోడుగా పెంచలయ్య అనే మనిషి ఉండేవాడు. ఇద్దరం కలిసి నేర్చుకున్నాం. కాయలు మిల్లులో వేసే ముందు పప్పు విరగకుండా నీళ్ళు చల్లుతారు. అందుకని పొట్టు చెమ్మగా వస్తుంది. దాన్ని కళ్ళంలో పరిచి, పలుగొర్రుతో తిరగేస్తూ, గుప్పిట్లో పట్టుకుంటే కరకరలాడేదాకా ఎండబెట్టాలి. ఇసుక జల్లించాలి. ఆ తర్వాత తొట్టిలో పోస్తే మిషను దాన్ని వేడి గొట్టంలోకి గుద్ది గుద్ది తోస్తుంది. ఆ వేడికీ ఆ గుద్దుకూ పొట్టే కరుచుకుని, మోచేతి లావు కట్టెగా అవతలికి వస్తుంది. బంకా లేదు, బూడిదా లేదు. చెమ్మ ఏమాత్రం ఉన్నా లోపల ఆవిరి పట్టి ఢామ్మని పేలి కట్టె ముక్కలు ఎగిరిపడతాయి. మొదటిసారి అలా పేలినప్పుడు పెంచలయ్య పరుగెత్తి రోడ్డు దాటి అవతల నిలబడ్డాడు. మధ్యాహ్నం దాకా పిలిచినా రాలేదు.

కట్టెలు బాగా వచ్చాయి. కొనేవాళ్ళే రాలేదు. ఆ తొంభై ఎనిమిది ఎండాకాలమంతా నేను తిరుచానూరు మండపాల వెనక సందుల్లోనే తిరిగాను. సంచిలో నాలుగు కట్టెలు వేసుకుపోయి, వంటమేస్త్రుల ముందర చిన్న పొయ్యి వేసి నీళ్ళు కాచి చూపించేదాన్ని. అందరూ చూసేవాళ్ళు, మంట బాగుందనేవాళ్ళు, మజ్జిగ ఇచ్చేవాళ్ళు. తీసుకోండయ్యా అంటే మాత్రం, చూద్దాంలేమ్మా అనేవాళ్ళు. ఒకడు పొగ అన్నాడు, ఇంకొకడు వాసన అన్నాడు, ఒకడైతే పొట్టు తేలిక కాబట్టి దాని మంట కూడా తేలికగా ఉంటుందన్నాడు. అది వినగానే నా నోరు ఊరుకోలేదు. అరటాకు కూడా తేలికే, దాంట్లో వడ్డిస్తే అన్నం తేలికవుతుందా అని అడిగి వచ్చేశాను. ఆ మండపం దారి మళ్ళీ తొక్కలేదు.

చివరికి మా మేనమామ దామోదరాన్ని పట్టుకున్నాను. తిరుపతిలో ఉంటాడు. కూతురు భానుశ్రీ పెళ్ళి తిరుచానూరులో పెట్టుకున్నాడు. ఆయన ఇంటికి పోయి కూర్చుని, ఊ అనేదాకా లేవలేదు. మేస్త్రి ఒప్పుకుంటే నాకేం అభ్యంతరం అన్నాడు. మేస్త్రి ఆదిమూలం. ఆ చుట్టుపక్కల పేరున్నవాడు. ఆయన సాంబారు కోసం పెళ్ళి ముహూర్తాన్ని ముందుకో వెనక్కో జరుపుకున్నవాళ్ళు ఉన్నారని చెప్పుకుంటారు. పెళ్ళివారే అడిగేసరికి కాదనలేకపోయాడు. సరేలెండి, మీ ఇంటి బిడ్డ కట్టె, మీ ఇంటి పెళ్ళి అన్నాడు. మూతి మాత్రం ముడుచుకునే ఉంది. చాలకపోతే పరువు పోతుందని వ్యాను నిండా కట్టెలు నింపి, నేనూ పెంచలయ్యా అందులోనే ఎక్కి వచ్చాం.

పెళ్ళిరోజు తెల్లవారుతూనే ఆదిమూలం పొయ్యికి పసుపూ కుంకుమా పెట్టి, కర్పూరం వెలిగించి, దండం పెట్టుకుని మంట అంటించాడు. నేను పక్కనే నిలబడి కళ్ళార్పకుండా చూశాను. కట్టెలు చక్కగా అంటుకున్నాయి. పొంగలి అయింది, వడలు అయ్యాయి, చట్నీకి తిరగమోత పడింది. మగపెళ్ళివారు టిఫిను తిని లేచారు, ఒక్కరు కూడా పేరు పెట్టలేదు. నాకు కాళ్ళు నేల మీద ఆనలేదు. పట్టుచీర కుచ్చిళ్ళు సర్దుకుని, పెళ్ళి చూడటానికి లోపలికి పోయి ముందు వరసలో కూర్చున్నాను. పుట్టింటికి వచ్చేశాక నేను ఏ పెళ్ళిలోనూ ముందు వరసలో కూర్చోలేదు.

తాళి కట్టడం అయింది. అక్షింతలు వేసి ఇంకా చేయి దులుపుకోలేదు, మా అన్న వచ్చి నా భుజం తట్టాడు. అతని మొహం చూస్తేనే అర్థమైంది.

"వంట ఆగిపోయిండాది. నీ కట్టె మండలేదంట. వచ్చి సూసుకో."

వెనక పెరట్లోకి పోయి చూస్తే పొయ్యిల నిండా బురద. నిజంగా బురదే. నల్లగా, తడిసి ఉబ్బిన పొట్టు ముద్దలు, వాటి మీద ఆవిరి. పక్కన గోడవారగా పేర్చిన కట్టెల దిబ్బ అడుగునంతా తడిసి, విచ్చుకుని, మళ్ళీ పొట్టు పొట్టుగా నేలమీద పరుచుకుంది. అన్నం వండే పెద్ద గుండాలో బియ్యం సగం ఉడికి నిలిచిపోయాయి. సాంబారు కనీసం కాగను కూడా లేదు. ఇంకొంచెంసేపట్లో మొదటి బంతి వేయాలి.

ఎవరు నీళ్ళు పోశారని అడిగాను. అడగడం అని మర్యాదకు అంటున్నాను గానీ, నా గొంతు మండపం లోపలికి వినిపించిందని తర్వాత చెప్పారు. పనివాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఆదిమూలమే చెప్పాడు. టిఫిను అయిపోగానే మండుతున్న కట్టెలు బయటికి లాగి నీళ్ళు పోసి ఆర్పడం ఎప్పుడూ చేసే పనేనట. మధ్యాహ్నం వంటకు కొత్త కట్టెలతో మళ్ళీ అంటిస్తారట. అలవాటు కొద్దీ అలాగే చేశారు. చింతకట్టెయితే నీళ్ళకు చుయ్యిమని ఆరిపోయి బొగ్గు మిగులుతుంది. నా కట్టె నీళ్ళు తాగి పొట్టయింది. ఆ నీళ్ళన్నీ పల్లానికి పారి మిగతా దిబ్బను కూడా తడిపేశాయి. పైనున్న పొడి కట్టెలు అయ్యేదాకా మండి, ఆ తడివి వేసేసరికి పొయ్యిలు ఆరిపోయాయట.

తిట్టడానికి అప్పుడు తీరిక లేదు. వ్యానులో సగం కట్టెలు ఇంకా దించనే లేదు. పెంచలయ్యను పంపి అవి మోయించాను. కొంగు బిగించి, ఆ బురదంతా చేటలతో ఎత్తి పారబోయించి, కొబ్బరి మట్టలు వేసి అంటించాను. ఈ కట్టెల్ని చింతకట్టెల మాదిరి కుక్కకూడదు, అడ్డం నిలువు పేర్చి గాలికి సందు వదలాలి. ఆ పని ఇంకొకరికి చెప్పే ధైర్యం లేక నేనే పొయ్యిల ముందు కూర్చున్నాను. పట్టుచీరకు నిప్పురవ్వలు పడి చిల్లులు పడ్డాయి. ఆ చీర మా అమ్మది.

నాకు కట్టెలు అందిస్తూ ఒకామె పక్కన చేరింది. ఆదిమూలం భార్య చంద్రకాంతమ్మ. కూరలు తరగడం, కొబ్బరి తురమడం ఆమె పని. మంట లేచి గుండా అడుగు పట్టుకున్నాక నా కోపం మళ్ళీ పైకొచ్చింది. మధ్యాహ్నం దాకా ఆగితే ఏమైపోతుంది, అంత తొందరపడి బొగ్గులు చేసుకోకపోతే కొంపలు మునుగుతాయా అని ఆమె మీద పడ్డాను. ఆమె కొంచెం కూడా తగ్గలేదు. చేతిలో కట్టె కింద పెట్టి, నా వైపు తిరిగి కూర్చుంది.

"ఆయన కూలి ఆయనది. బొగ్గులు నావి. పెండ్లయిన కాడినుంచి నావే. ఇస్త్రీ బండ్లోళ్ళందురికీ నేనే పోస్తా. నా చీర, నా మందులు, నా బిడ్డ బడి, అంతా దాంట్లోనే. నీ కట్టెలో బొగ్గు ఉండదు, అంతా బూడిదే అన్నారు. ఉండాదో లేదో సూద్దామని నేనే ఆర్పమన్నా. లేకపోతే ఈడినుంచి నేనేం ఎత్తుకోని పోవల్ల, చెప్పు?"

ఆ వేసవంతా నాకు పొగ అనీ వాసన అనీ చెప్పిన మేస్త్రులందరి మొహాలూ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. అందరి ఇళ్ళలోనూ ఈ బొగ్గులు ఉన్నాయి. ఆడవాళ్ళ బొగ్గుల కోసం మంచి కట్టెను వద్దంటున్నామని ఏ మగవాడు బయటికి చెబుతాడు? నేనూ అడగలేదు. మంట, వేడి, ఖర్చు అని వాళ్ళ చెవులు హోరెత్తించానే గానీ, పొయ్యి ఆరిపోయాక ఏం మిగులుతుందన్నది నాకు తట్టనేలేదు. పైగా ఈమె అడుగుతున్నది ఏమిటి? తన సొంతానికి కాస్త ఏదో ఒకటి ఉండాలని. నేను ఊరు కాని ఊరొచ్చి చీర కాల్చుకుంటున్నదీ దానికే. నాకు ఆమె మీద కోపం పోయింది. పోయినందుకు కొంచెం విసుగ్గా కూడా అనిపించింది.

షెడ్డులో అప్పుడప్పుడు మిషను వేడికి కట్టె చివర రాజుకుంటుంది. నీళ్ళు పోస్తే పొట్టయిపోతుందని మేం ఇనుప డ్రమ్ములో పడేసి రేకు మూసేసేవాళ్ళం. మర్నాడు చూస్తే లోపల నల్లటి గట్టి ముక్కలు ఉండేవి. పనికిరావని పెంచలయ్య వాటిని గుంతలో పారబోసేవాడు. ఆ సంగతి చంద్రకాంతమ్మకు చెప్పాను. నీళ్ళు పోయొద్దక్కా, గాలి ఆడకుండా మూసేస్తే బొగ్గు అవుతుందేమో చూద్దాం అన్నాను. అవుతుందేమోనా, అవుతుందా అని అడిగింది. తెలీదన్నాను. మండపం పెరట్లో చెత్త వేసే పాత డ్రమ్ము ఒకటి ఉంటే బోర్లించి దులిపింది.

మొదటి బంతి ఆలస్యంగానే పడింది. మగపెళ్ళివారిలో ఒక ముసలాయన, అన్నం తిని పోదామని వచ్చినామా, మళ్ళా వచ్చి తిందామా అని అందరికీ వినబడేటట్టు అన్నాడు. మా మేనమామ మొహం మాడిపోయింది. భోజనాల్లో లోపం ఏమీ రాలేదు గానీ, ఆ మాట మాత్రం అందరి చెవులా పడింది. బంతులన్నీ అయ్యాక చంద్రకాంతమ్మా నేనూ పొయ్యిల్లోని కణకణలాడే నిప్పులన్నీ పారతో ఎత్తి డ్రమ్ములో పోసి, రేకు మూసి, అంచుల చుట్టూ బంకమట్టి మెత్తాం.

సాయంత్రం మగపెళ్ళివారు బయలుదేరాక మేస్త్రికి పంచెల చాపూ తాంబూలమూ ఇచ్చి పంపడం ఆనవాయితీ. అందరం మండపంలో కూర్చున్నాం. నాయన, అన్న, మేనమామ. ఆదిమూలం చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తాంబూలం పళ్ళెం చేతిలో పెట్టుకుని మా మేనమామ ఇవ్వకుండా నిలిచాడు. ఆయన కోపం ఎవరి మీద పడాలో తేలాలి. తప్పు వంటదా, కట్టెదా అని సూటిగా అడిగాడు.

ఆదిమూలం నా వైపు చూడలేదు. నేలవైపు చూస్తూ, తన చేతి వంటకు ఇన్నేళ్ళలో ఆలస్యం అన్న మాట రాలేదనీ, పొట్టుకట్టెను నమ్మి చెడిపోయాననీ అన్నాడు. అన్న నాయన వైపు తిరిగాడు. ఇంక చెప్పడానికి ఏముంది, మేస్త్రి నోటితోనే వచ్చేసింది కదా అన్నాడు. నాయన ఒళ్ళోని కండువా తీసి భుజాన వేసుకున్నాడు. లేవబోయే ముందు ఆయన అలాగే చేస్తాడు.

నీళ్ళు పోసింది ఎవరో అందరి ముందూ కడిగెయ్యాలని లేచి నిలబడ్డాను. నిలబడ్డాక ఇంకో సంగతి తట్టింది. ఆ మాట అంటే ఆదిమూలం తాంబూలం పోతుంది, ఈ పరువు పోయిన మేస్త్రిని వచ్చే ముహూర్తానికి ఎవరు పిలుస్తారు? పోతే పోనీ అనుకున్నాను. మరి ఆ డ్రమ్ము దగ్గర కూర్చుని మట్టి తీస్తున్న ఆమె? నేను నిలబడే ఉన్నాను. జీవితంలో మొదటిసారి నాకు కోపం ఉండి మాట లేకపోయింది. షెడ్డు పోయిందనే అనుకున్నాను.

అప్పుడు చంద్రకాంతమ్మ వెనక తలుపులోంచి వచ్చింది. చంకలో బుట్ట, చేతులకు మోచేతుల దాకా మసి. బుట్ట తెచ్చి మగవాళ్ళ మధ్యలో దించింది. అందులోంచి ఒక ముక్క తీసి ఇంకో ముక్కతో కొట్టింది. ఖణ్మంది.

"నీళ్ళు పోయించింది నేను. ఈ బిడ్డ కట్టెలో తప్పు లేదు. పొద్దున పొంగలి దీంతో కాలేదా? ఎవురన్నా పేరు పెట్టినారా? ఇదో, చింతబొగ్గు కంటే గట్టిగా ఉండాది. నీళ్ళు పోయకుండా మూత పెట్టుంటే మధ్యాన్నం వంట కూడా ఆగేది కాదు."

ఆదిమూలం ఆమెను కొరకొరా చూశాడు. ఆమె కూడా చూపు తిప్పలేదు. ఆయన వంగి ఒక బొగ్గు తీసుకుని గోటితో గీకాడు, చేతిలో బరువు చూశాడు, మళ్ళీ బుట్టలో వేశాడు.

"కట్టె బాగుండాదబ్బా," అన్నాడు మా మేనమామతో. "తెలీక చెడగొట్టుకునింది మేమే. ఆలస్యం నా మీద ఏసుకోండి."

మా మేనమామ తాంబూలం మేస్త్రి చేతిలోనే పెట్టాడు. తప్పు ఒప్పుకున్నవాణ్ణి ఇంకేమంటాం అన్నాడు. నాయన భుజం మీది కండువా తీసి మళ్ళీ ఒళ్ళో పెట్టుకున్నాడు.

బయట మెట్ల దగ్గర చంద్రకాంతమ్మను ఆపి, చాలా మేలు చేశావక్కా అన్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసింది. నీ కోసమేం చెప్పలేదు, నీ షెడ్డు మూతపడితే ఈ బొగ్గు నాకు యాడ దొరుకుతాదని చెప్పినా అంది. పై ముహూర్తానికి మంచి మూత ఉన్న డ్రమ్ము తెమ్మని కూడా ఆజ్ఞ వేసింది. తెస్తానన్నాను. నేను ఎవరి ఆజ్ఞకూ అంత తొందరగా సరే అన్నదాన్ని కాదు.

ఆ డ్రమ్ముల మాట మండపాల వెనక సందుల్లో ఆడవాళ్ళ మధ్య పాకిపోయింది. నేను వేసవంతా తిరిగి చెప్పినా కానిది, వాళ్ళు కూరలు తరుగుతూ చెప్పుకుంటే అయింది. మేస్త్రులే మనుషుల్ని పంపి కట్టెలు అడగడం మొదలుపెట్టారు. అన్న మామిడికాయలకు పాకాల రోడ్డులో ఇంకో చోటు చూసుకున్నాడు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు, తర్వాత మాట్లాడాడు. అమ్మ మాత్రం ఊరుకోలేదు. గది ఇచ్చారు సరే, పొయ్యి ఎందుకు, అన్నం ఇక్కడినుంచి పంపిస్తాను కదా అని ఏడ్చింది. నేను గోతాలు బయట వేసి, గది కడిగి, సున్నం కొట్టించి, మూలన ఒక చిన్న మట్టిపొయ్యి వేసుకున్నాను. ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరూ రాలేదు. పాలు నేనొక్కదాన్నే పొంగించుకున్నాను. బాధ వేయలేదని చెబితే అబద్ధం.

ఆ వారంలోనే ఒక రోజు పొద్దున, డికాషన్ దిగుతుంటే, గది ముందర ఎవరో నిలబడ్డట్టు అనిపించి తల తిప్పాను. నాయన. ఆయన రోజూ ఆ షెడ్డుకు వస్తాడు. చెప్పులతోనే వస్తాడు, నేరుగా లోపలికొచ్చి బస్తాలు తన్ని చూసి, మోటారు మీద చెయ్యి పెట్టి చూసి పోతాడు. ఆయన కట్టించిన షెడ్డు, ఆయన కట్టించిన గది. ఆ రోజు మాత్రం చెప్పులు గడప అవతల విడిచి ఉన్నాయి. ఉతికిన పంచె కట్టుకున్నాడు. చేతిలో పొట్లాలు ఉన్నాయి, ఒకదాంట్లో అరటిపళ్ళు, ఇంకోదాంట్లో మల్లెపూలు. మా వైపు కూతురి ఇంటికి పోయేటప్పుడు ఎవరూ వట్టి చేతులతో పోరు.

ఆయన గడప దాటలేదు. నేను పిలుస్తానని చూస్తూ నిలబడ్డాడు.

"లోపలికి రా నాయనా," అన్నాను.